అద్దం సంగతి చెప్పొద్దు

మా అన్నని అందరూ గీతమేస్త్రి అంటారు. గాజు పలక మీద వజ్రపు ములుకు పెట్టి ఒక్క గీత గీశాడంటే అది వెంట్రుకవాసి పక్కకి పోదు. ఒకసారి గీసినచోట రెండోసారి గీసే అలవాటు ఆయనకి లేదు. గాజు విషయంలో అది గొప్పే, కాదనను. మనుషుల్ని కూడా అలాగే ఒక్క గీత గీసి చేతులు దులుపుకుంటాడు, అక్కడే ఆయనంటే నాకు ఒళ్ళుమంట. నేను ఆరో తరగతిలో బడి మానేసిన రోజున "వీడికి చేతులే గానీ బుర్ర లేదు" అన్నాడు. ఆయన పదో తరగతి దాకా చదివాడు కాబట్టి ఇంట్లో ఆ మాటకి ఇక తిరుగు లేకపోయింది. నలభై ఆరేళ్ళు వచ్చినా నేను చేతుల మనిషినే. నన్నంటే అన్నాడు, పడ్డాను. ఒక ఎండాకాలంలో నా కూతుర్ని అన్నాడు. ఆ ఎండాకాలం సంగతే ఇది.

మాది గ్లాసు దుకాణం. నాన్న ఇద్దరికీ కలిపి వదిలి వెళ్ళాడు. వీధి వైపు బేరాలు మాట్లాడుకునే ముందు గది, వెనక గాజు కోసే షెడ్డు, పైన రెండు వాటాలు. ఒక వాటాలో అన్నా వదినా, ఇంకో వాటాలో నేనూ మా ఆవిడా మా అమ్మాయీ. ముందు గదిలో అన్న కూర్చుంటాడు, వెనక షెడ్డులో నేను అంచులు అరగదీస్తుంటాను. ఆ ఎండాకాలం ఐదంతస్తుల ఆఫీసు భవనానికి ముఖమంతా గాజు బిగించే పని మాకొచ్చింది. అంత పెద్ద పని నాన్న కూడా చూడలేదు.

మా అమ్మాయి ముద్దుపేరు బుడగ. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని నాన్న పెట్టాడు. గాజులో బుడగ ఉంటే ఆ పలక పనికిరాదు. "పేరులోనే లోపం ఉందిరా" అని అన్న నవ్వేవాడు. పిల్ల కూడా నవ్వేది. పన్నెండేళ్ళు వచ్చేసరికి నవ్వడం తగ్గించింది.

దాని బాధ విచిత్రమైనది. కాసేపు ఎండలో ఉంటే చాలు, చేతులు గాల్లో ఆడించుకుంటూ పరుగెత్తుకొచ్చి నీళ్ళ తొట్టిలో మోచేతుల దాకా ముంచేసేది.

"మంట నాన్నా. పైన కాదు, లోపల. సూదులు లోపల్నించి బయటికి గుచ్చుతున్నాయి" అనేది.

చూస్తే ఏముంది? ఎర్రబడదు, బొబ్బ లేదు, దద్దురు లేదు. ఒక డాక్టరు ఎలర్జీ అని బిళ్ళలిచ్చాడు. ఇంకొకాయన పూతమందు రాశాడు. అది రాసుకుని బయటికెళ్తే మంట మామూలే. మూడో ఆయన మమ్మల్ని గదిలోంచి పంపించి, బళ్ళో ఎవరితోనైనా గొడవ పడ్డావా అని పిల్లని బుజ్జగించి అడిగాడట.

"మిద్దె మీద బట్టలు తియ్యమంటే మంట. టీవీ ముందు ఒక్కనాడూ మండదేం?" అని మా వదిన ఊరుకునేది కాదు.

"టీవీ మిద్దె మీద పెట్టలేదుగా అక్కా" అనేది మా ఆవిడ.

నేను పిల్లనే నమ్మేవాణ్ణి. అందులో సగం పిల్ల మీద నమ్మకం, మిగతా సగం అన్న నమ్మట్లేదన్న పంతం.

వేసవి సెలవులివ్వగానే అన్న ముందు గదికి కొత్త గాజు బిగించాడు. ఐదంతస్తుల పనికి తెప్పించిన సరుకులో ఒక పలక. ఎండలోని చెడునంతా ఆపేస్తుందని కంపెనీ మనిషి చెప్పి వెళ్ళాడు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు అన్న. పాతది పగుళ్ళిచ్చింది, మార్చానన్నాడు. తర్వాత పిల్లని పిలిచాడు.

"బుడగా, ఖాళీగానే ఉన్నావుగా. ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తు. ఏసీ వేస్తాను."

పిల్ల గాల్లో తేలిపోయింది. పెదనాన్న తిరిగే కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనుకీ "చెప్పండి సార్, గ్లాసు దుకాణం" అని గొంతు పెద్దది చేసుకుని మాట్లాడింది. బల్లని అన్న ముందే గాజు పక్కకి లాగి ఉంచాడు. తెల్లటి ఎండ బల్ల మీదా, దాని చేతుల మీదా పడుతోందని నాకు తర్వాత తెలిసింది.

షెడ్డులో ఉన్న నాకు ఏడుపు వినపడి పరుగెత్తాను. అప్పటికే వదిన, మా ఆవిడ, పక్క కొట్టు దర్జీ గదిలో ఉన్నారు. అన్న పిల్ల మణికట్టు పట్టుకుని బల్ల మీద అదిమి ఉంచాడు.

"చూడరా. చెయ్యి పెట్టి చూడు, వేడి ఉందా? గది చల్లగా ఉంది. ఎండని ఆపే గాజు ఇది. దీనికా సంగతి తెలీదు. తెలిసుంటే మండేది కాదు. మరి ఇప్పుడు మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో నువ్వు చెప్పు."

"పెదనాన్నా, వదులు. మండుతోంది పెదనాన్నా."

"ఏం కాదమ్మా. భయం పోవాలంటే ఇదే మందు. కాసేపు ఇలాగే ఉంచు, నేనున్నాగా."

కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. ఆయన చెయ్యి విదిలించి పిల్లని లాక్కున్నాను. దర్జీ తల వంచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి దాని వేళ్ళు ఉబ్బి, నున్నగా మెరుస్తూ, గుప్పిట మూయడానికి రాలేదు.

"అంతసేపు రుద్దుకుంటే ఉబ్బవా మరి" అన్నాడు అన్న.

ఆ రోజునుంచి పిల్ల 'మంట' అన్న మాట మానేసింది. చేతులు చంకల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. "మండుతోందా అమ్మా?" అని అడిగితే "ఏం లేదు" అనేది. ఏడ్చినన్నాళ్ళూ తట్టుకున్నాను గానీ, ఆ "ఏం లేదు" నేను తట్టుకోలేకపోయాను.

కొత్త భవనం నాలుగో అంతస్తు పరంజా మీద అన్న పలకలు ఎక్కిస్తుంటే వెళ్ళి చెప్పాను.

"పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"పని అయ్యాక పోదువుగాని."

"రేపే."

"ఇంకా అంతస్తున్నర మిగిలుంది. నీ చేతులు లేకపోతే పని ఆగుతుందని తెలిసే అంటున్నావా? నటించే పిల్ల కోసం నడిమధ్యలో వదిలిపోతానంటే ఇక కలిసి పని చెయ్యడం కుదరదురా. పంపకాలు తేల్చుకునే పో."

"తేల్చెయ్. ఏం కావాలి నీకు?"

"ముందు గది" అన్నాడు. బేరాలన్నీ నడిచేది ఆ గదిలోనే. అది పోతే నేను వెనక సందులోంచి పిలిస్తే పలికే మేస్త్రినే.

"తీసుకో" అన్నాను. ఆ సాయంత్రమే సంతకం పెట్టాను. కాగితం సాంతం చదవలేదు. పొద్దున్నే బస్సు.

బస్సులో కిటికీకి మా ఆవిడ దుప్పటి కట్టింది. దారి పొడుగునా నేను వాళ్ళిద్దరికీ పాఠం చెప్పాను. ఎప్పుడు మొదలైందీ, ఎంతసేపుంటుందీ, ఏ మందులు వాడామూ, అన్నీ చెప్పండి.

"అద్దం సంగతి మాత్రం చెప్పొద్దు" అన్నాను.

"ఎందుకు?" అంది మా ఆవిడ.

"అద్దం వెనక మండిందంటే ఎవరు నమ్ముతారు? పెద్దాసుపత్రి డాక్టరమ్మ కూడా నటన అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా గాజు పట్టుకు బతుకుతున్నాను, నాకు తెలీదా?"

పిల్ల మా వైపు చూడలేదు. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

చర్మం డాక్టరమ్మది దాదాపు నా వయసే. మనిషి పొట్టి, మాట పొడుగు. పిల్లని ఏదో అడిగింది. నేను జవాబు చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ నేనే చెప్పాను.

"మంట మీకా, పిల్లకా?" అంది.

"పిల్లకేనండీ."

"అయితే మీరు కాసేపు ఆ కుర్చీ కాపలా కాయండి." పిల్ల వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఏంటి బాధ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇంత దూరం బస్సెందుకు ఎక్కావు?"

పిల్ల నా వైపు చూసింది. "చెప్పొద్దన్నారు."

"ఏం చెప్పొద్దన్నారు?"

"అద్దం సంగతి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్న పిల్ల ఇక ఆగలేదు. "అద్దం వెనక కూర్చున్నా మండింది. అది ఎండ రానివ్వని గ్లాసట. ఏసీ కూడా ఉంది. అయినా మండింది. అందుకే నేను దొంగనట. ఎవరూ నమ్మరని నాన్న కూడా చెప్పొద్దన్నాడు."

డాక్టరమ్మ రాసేది ఆపింది.

"అద్దం వెనక మండిందా?"

"మండింది."

"బయట మండినట్టేనా?"

"అలాగే. కాకపోతే మొదలవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది."

డాక్టరమ్మ కలం మూత పెట్టి, కుర్చీ బల్లకి ఇవతలికి లాక్కుని, పిల్ల పక్కన కూర్చుంది. అంతే. ఈవిడ నమ్మిందని నాకప్పుడే తెలిసిపోయింది.

భూతద్దం పెట్టి దాని పిడికిళ్ళు చూసింది. కణుపుల మీద చర్మం మందంగా, మైనం పూసినట్టుంది. పన్నెండేళ్ళ పిల్లకి ముసలమ్మ చేతులు. రోజూ చూస్తున్నాం, ఒక్కనాడూ గమనించలేదు. ముక్కు మీది చిన్న చిన్న గుంటలు మేం దోమ కుడితే గోక్కుందనుకున్నవి. అవి కూడా చూసింది.

"చంటిపిల్లప్పుడు ఎండలో ఏడ్చేదా?" అని మా ఆవిడని అడిగింది.

"వరండాలో ఉయ్యాల వేస్తే గుక్కపట్టేదండీ. లోపలికి తెస్తే ఊరుకునేది. గాలి పడట్లేదనుకున్నాం."

రక్తం తీసి, ఆ గొట్టానికి వెండి కాగితం చుట్టేశారు. "దీనికి కూడా ఎండ పడదు" అంది డాక్టరమ్మ. మమ్మల్ని చీకటి గదిలోకి తీసుకెళ్ళింది. మైక్రోస్కోపుకి ఊదారంగు దీపం బిగించి ఉంది. ఒక బొట్టు కింద పెట్టి, ముందు తను చూసి, చప్పున లేచి పిల్లని కూర్చోబెట్టింది.

"తొందరగా చూడమ్మా, ఎక్కువసేపు ఉండవు. ఏం కనిపిస్తోంది?"

"ఎర్రగా... చుక్కలు. నిప్పురవ్వల్లా వెలుగుతున్నాయి."

"అదే నువ్వు చెప్పే మంట."

పిల్ల కన్ను తియ్యలేదు. "ఇది నా రక్తమేనా?"

"నీదే."

"అమ్మా, రా! చూడు! నిజంగానే ఉంది!" అని అరిచింది. మా ఆవిడ చూడబోయింది గానీ కళ్ళనిండా నీళ్ళు, ఏం కనపడిందో ఆవిడకే తెలియాలి. నా వంతు వచ్చేసరికి చుక్కలు ఆరిపోతున్నాయి. నాలుగైదు కనపడ్డాయి. నాకవి చాలు.

జబ్బు పేరు ప్రోటోపోర్ఫిరియా. దానికి ముందు ఇంకో మాట కూడా ఉంది, అది నా నోరు తిరగదు. రక్తానికి ఎరుపునిచ్చే సరుకు తయారవుతూ తయారవుతూ చివరి మెట్టు దగ్గర కొంత మిగిలిపోతుందట. ఆ మిగిలిన దాని మీద వెలుతురు పడితే చర్మం లోపల మంట పెడుతుందట. చాలా అరుదు. పుట్టుకతో వచ్చింది, ఇద్దరి వైపునుంచీ కలిసి వచ్చి ఉంటుందంది డాక్టరమ్మ.

"పోన్లెండి, ఇందులోనైనా చెరిసగం" అంది మా ఆవిడ నాతో. అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"మరి ఆ గాజు ఆపాలి కదండీ. ఎండని ఆపే గాజండీ అది" అన్నాను, ఇంకా మింగుడుపడక.

"ఏం పని చేస్తారు మీరు?"

"గాజు పనేనండీ."

"మీరు బిగించిన గాజులోంచి అవతలి మనిషి కనిపిస్తాడా?"

"ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తాడండీ."

"కనిపిస్తున్నాడంటే వెలుతురు వస్తున్నట్టే కదా గాజాయనా! మీ గాజు ఆపేది కంటికి కనపడని ఎండని. మామూలుగా ఒళ్ళు కమిలేది దానితో. మీ పిల్లకి పడనిది కంటికి కనిపించే వెలుతురు. అందులో ఊదా, నీలం వైపుది. మామూలు క్రీములు కూడా దాన్ని ఆపవు. అద్దం వెనక మండిందన్న ఒక్క మాటతో నాకు సగం దారి తెలిసింది. మీరేమో ఆ మాటే దాచమన్నారు."

ముప్ఫై ఏళ్ళు గాజు పట్టుకు బతికిన మనిషిని. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేశాను. పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

రక్తంలో ఆ సరుకు ఎంత ఎక్కువుందో లెక్కతో కాగితం వచ్చేదాకా ఆసుపత్రి పక్కన గది తీసుకుని ఉన్నాం. అనుమానం లేదని తేలింది. పూర్తిగా పోగొట్టే తేలికైన మందు లేదు, జాగ్రత్తతో బతకొచ్చు అంది డాక్టరమ్మ. ఒత్తుగా నేసిన బట్టలు, చేతి తొడుగులు, వెడల్పు అంచు టోపీ. ముఖానికి మట్టిరంగు పూత, పూసినట్టు కంటికి కనపడేంత దట్టంగా ఉంటేనే అది పని చేస్తుంది. కిటికీలకి తేనెరంగు ఫిల్ము. ఎముకల కోసం విటమిన్ బిళ్ళలు. ఏటా కాలేయానికి రక్తపరీక్ష. ఎప్పుడైనా ఆపరేషను అవసరమైతే గదిలో దీపాల సంగతి ముందే చెప్పాలి. "అన్నిటికంటే ముఖ్యం, మంటకి ముందు చిన్నగా చిమచిమ మొదలవుతుంది. అది మొదలైందని పిల్ల అంటే, ఎక్కడున్నా సరే నీడలోకి తీసుకెళ్ళాలి. ఇంకాసేపు చూద్దాం అనొద్దు" అంది.

వచ్చేముందు పిల్లని అడిగి, దాని ఇష్టంతోనే, డాక్టరు చదువు చదివేవాళ్ళ ముందు కూర్చోబెట్టింది. కిటికీలన్నీ మూయించింది. హాలునిండా తెల్లకోట్లు. కళ్ళజోడు కుర్రాడొకడు లేచి, "చర్మం మీద ఏమీ కనపడనప్పుడు నిజంగా నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు.

మా బుడగ వాణ్ణి ఎగాదిగా చూసింది. "నేను చెబితే తెలుస్తుంది" అంది.

హాలంతా చప్పట్లు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, చివరి బెంచీ మీద కూర్చుని నేనూ కొట్టాను, అరిచేతులు మండేలా.

ఇంటికొచ్చిన మర్నాడే నా వాటా కిటికీలకి తేనెరంగు ఫిల్ము అంటించడం మొదలుపెట్టాను. ఇల్లంతా సాయంత్రం ఎండ రంగు తిరిగింది. నేను గాజు పనివాణ్ణే గానీ ఫిల్ము అంటించడంలో అన్నకి సాటిరాను. కింద ముడతలు పడుతున్నాయి. తిట్టుకుంటూ పీకుతున్నాను. గుమ్మంలో అలికిడైంది. చూస్తే అన్న, భుజం మీద నిచ్చెన.

రమ్మనలేదు నేను. ఆయన నన్ను అడగలేదు కూడా.

"బుడగా, ఎక్కణ్ణుంచి వస్తోందమ్మా వెలుతురు?" అన్నాడు.

పిల్ల వేలు చాపింది. "ఆ మూల సందులోంచి. ఇంకా ఎదురింటి తెల్లగోడ మీద పడి ఇటు కొడుతుంది" అంది.

సబ్బునీళ్ళు చిమ్మి, ఫిల్ము పరిచి, రబ్బరు పలకతో పైనుంచి కిందికి లాగాడు. ముడత లేదు. అది వేలు పెట్టి చూపించిన సందల్లా మూశాడు. ఒకచోట చాలదంటే పీకేసి మళ్ళీ అంటించాడు. దిగాక చేతులు తుడుచుకుంటూ, గోడకి చెబుతున్నట్టు, "మీ వదిన జబ్బు సంగతి చెప్పాక కంపెనీవాణ్ణి అడిగాను. వాడు చెప్పిన ఎండ వేరట, దీనికి పడనిది వేరట" అన్నాడు.

"దాన్ని ప్రోటోపోర్ఫిరియా అంటారు పెదనాన్నా."

"ప్రోటో... పోరి..."

"తప్పు. మళ్ళీ అను."

మళ్ళీ అన్నాడు. తప్పే. మూడోసారి అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను, నా ముఖం ఆయనకి కనపడకుండా.

సెలవులు అయిపోయే ముందు ఐదంతస్తుల భవనం తెరిచారు. మిట్టమధ్యాహ్నం, ముందు ఆవరణలో కుర్చీలు వేశారు. మేమూ వెళ్ళాం. పిల్ల పట్టుబట్టింది. టోపీ, ముఖానికి మట్టిరంగు పూత, మోచేతుల దాకా తొడుగులు. ఆ తొడుగులు పక్క కొట్టు దర్జీ కుట్టి, అడక్కుండానే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. తలమీద ఎండ ఒక ఎత్తు, ఎదురుగా ఐదంతస్తుల గాజు మా మీదికి తిప్పికొట్టే ఎండ ఒక ఎత్తు. భవనం యజమాని మైకు పట్టుకుని అన్న పనితనాన్ని పొగుడుతున్నాడు. అన్న ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. జీవితంలో అంత మంది ముందు ఆయన్ని పొగిడింది అదే మొదటిసారి.

ముందు వరసలో పిల్ల కుర్చీలో కదిలింది.

"మొదలైంది" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను లేచేలోపే అన్న యజమాని చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "ఒక్క నిమిషం సార్. మా అమ్మాయికి ఈ వెలుతురు పడదు. అందరం లోపలికి పోదాం. కుర్చీలు తీసుకోండి" అన్నాడు. మైకులో ఆ మాట వీధి దాకా వినపడింది. యజమాని తెల్లబోయి, ఆపైన తన కుర్చీ తనే ఎత్తుకున్నాడు. వదిన రెండు కుర్చీలు చంకన పెట్టుకుంది. అంతమందీ కుర్చీలు ఎత్తుకుని బిలబిలా నీడలోకి నడిచారు. అందరికంటే ముందు మా బుడగ, టోపీ సర్దుకుంటూ, దారి చూపిస్తున్నట్టు. ఏమైనా కనపడుతోందా అని ఒక్కరు కూడా దాని చేతులకేసి చూడలేదు.

నేనూ అన్నా ఇప్పుడు మాట్లాడుకుంటాం. పిల్ల బళ్ళో తరగతి కిటికీలకి కూడా ఇద్దరం కలిసే ఫిల్ము అంటించాం. ముందు గది మాత్రం నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. నా బోర్డు వెనక సందులో వేలాడుతోంది, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళే వస్తారు. బాధ లేదని చెప్పను. నాన్న ఇద్దరికీ అని వదిలిన ఆ గది, వీధి వైపు పద్నాలుగున్నర అడుగులు, లోపలికి ఇరవై రెండు.